కొత్తగా కొన్న క్లాసిక్స్: ఏ పుస్తకాన్ని తోటి పాఠకులతో ఎలా పంచుకోవాలి?

ఒకేసారి పదకొండు క్లాసిక్స్ కొన్నాను. బల్ల మీద పేర్చి, వెన్నులన్నీ ఒకవైపు తిప్పి, చాలాసేపు వాటినే చూస్తూ కూర్చున్నాను. చదివే అలవాటున్న వాళ్ళెవరికైనా ఈ సంతోషం తెలుసు. దాని వెనకాలే వచ్చే కోరికా తెలుసు: ఎవరికైనా చూపించాలి. ఫొటో తీసి పంపుతాం. "అబ్బ, ఇవన్నీ కొన్నావా!" అని నాలుగు జవాబులు వస్తాయి. మర్నాటికి ఆ సంబరం చల్లారిపోతుంది, పుస్తకాలు అలమరలోకి వెళ్ళిపోతాయి.

ఫొటో తర్వాత ఏం చేయాలన్నదే అసలు విషయం. పుస్తకాన్ని అరువివ్వచ్చు. నలుగురు కలిసి ఒకే నవల చదవచ్చు. పైకి చదివి వినిపించుకోవచ్చు. ఒకే ప్రతిని చేతులు మారుస్తూ, అంచుల్లో పెన్సిల్‌తో రాసుకుంటూ తిప్పచ్చు. ఇన్నేళ్ళలో ఇవన్నీ చేసి చూశాను. కొన్ని చక్కగా కుదిరాయి, కొన్ని మధ్యలోనే ఆగిపోయాయి. ఆగిపోయినవి తలుచుకుంటే, దాదాపు ప్రతిసారీ పుస్తకానికి నప్పని దారి పట్టామనే అనిపిస్తుంది. వెయ్యి పేజీల నవలని అరువిచ్చాం, నాటకాన్ని ఎవరికి వాళ్ళం మౌనంగా చదువుకున్నాం. అందుకే ఇప్పుడు కట్ట విప్పగానే ఒక్కో పుస్తకం చేతిలోకి తీసుకుని, ఇది మొదట పాఠకుల చేతికి ఎలా వచ్చింది అని చూస్తాను. విడతలుగా వచ్చిందా, పాడుతుంటే విన్నారా, రంగం మీద చూశారా? సగం నిర్ణయం అక్కడే తేలిపోతుంది.

ఫొటో పంపాలా, మొదటి పేజీ చదవాలా?

ఫొటోలో పేర్లు తప్ప ఏమీ కనబడవు. ఆ పేర్లు అందరూ విన్నవే, చాలామంది "ఎప్పుడో చదవాలి" అనుకున్నవే. అందుకని దొంతర మొత్తం చూపించకుండా మూడు పుస్తకాలు తీసి, ఒక్కోదాని మొదటి పేజీ చదివి వాయిస్ మెసేజ్ పంపుతాను. రెండు నిమిషాలు చాలు. "తర్వాతేమైంది?" అని ఎవరు అడిగారో వాళ్ళే ఆ పుస్తకానికి నా తోడు.

ఇక్కడొక జాగ్రత్త. వెనక అట్ట మీది మాటలు మాత్రం పంపకండి. క్లాసిక్ కదా, కథ అందరికీ తెలిసే ఉంటుందన్న నమ్మకంతో చాలా ఎడిషన్లు వెనక అట్ట మీదే ముగింపు సగం చెప్పేస్తాయి. లోపలి ముందుమాటలు ఇంకా ఎక్కువ. ఎవరు చనిపోతారో, ఎవరు ఎవరిని పెళ్ళాడతారో మొదటి పది పేజీల్లోనే చదివేసి నీరుగారిపోయిన స్నేహితురాలు నాకుంది. అప్పటినుంచీ ఎవరికి పుస్తకమిచ్చినా ముందుమాట చివర చిన్న చీటీ పెడుతున్నాను: "కథ అయ్యాక ఇది చదవండి" అని.

కలిసి చదవడానికి ఏ లావుపాటి నవల?

లావుపాటి నవలని అరువిస్తే అది తిరిగిరాదు. తీసుకున్నవాళ్ళు మోసం చేసి కాదు, నూటయాభయ్యో పేజీ దగ్గర ఆగిపోయి, ఆ మాట చెప్పలేక ఫోన్ చేయడం కూడా మానేస్తారు. ఇలాంటి పుస్తకానికి తోడు కావాలి, రోజుకింత అనే లెక్క కావాలి. నా కట్టలో ఈ జాతివి అయిదున్నాయి. అన్నిటికీ ఒకే లెక్క పనికిరాదు.

టాల్‌స్టాయ్ "వార్ అండ్ పీస్"లో చివరి ఉపసంహారాలతో కలిపి 361 అధ్యాయాలు. హ్యూగో "లే మిజరాబ్ల్"లో 365. రోజుకొక అధ్యాయం చొప్పున ఈ రెండిట్లో ఏదైనా ఒక సంవత్సరం. చాలా అధ్యాయాలు నాలుగైదు పేజీలకి మించవు కాబట్టి పనిలో మునిగిపోయినవాళ్ళు కూడా అందుకోగలరు. పైకి ఒకేలా కనిపించే ఈ రెండిటికీ కావలసిన తోడు మాత్రం వేరు.

"వార్ అండ్ పీస్" మొదలవడమే ఒక విందులో మొదలవుతుంది. 1805 జులై, పీటర్స్‌బర్గ్, గది నిండా మనుషులు. ఒక్కొక్కరికీ మూడేసి పేర్లు. మొదటి నెలలో ఎవరు ఎవరో తెలియక విసుగొస్తుంది. దీనికి అయిదుగురుంటే బాగుంటుంది. రొస్తోవ్, బొల్కోన్‌స్కీ, బెజూఖొవ్, కురాగిన్, ద్రుబెత్‌స్కోయ్ అని కథని మోసే కుటుంబాలు అయిదున్నాయి. మనిషికొక కుటుంబం అప్పగించండి. ఆ ఇంటి మనుషులు, వాళ్ళ ముద్దుపేర్లు, ఎవరికి ఎవరు ఏమవుతారు అన్నది వాళ్ళే గుర్తుపెట్టుకోవాలి. మేం ఇలా చేసినప్పుడు రొస్తోవుల బాధ్యత తీసుకున్నావిడ నతాషా తప్పు చేసిన రోజు మా అందరితో పోట్లాడింది, సొంత ఇంటి పిల్లని అన్నట్టే. ఏ వ్యాసం చదివినా నాకు నతాషా అంత దగ్గర కాలేదు.

"లే మిజరాబ్ల్"కి ఇద్దరు చాలు. పేర్ల గొడవ తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి. మొదటి 14 అధ్యాయాలూ ఒక బిషప్ గురించే. రోజుకొకటి చదివితే కథానాయకుడు జాఁ వల్‌జాఁ 15వ రోజుకి గానీ కథలో అడుగుపెట్టడు. రెండో భాగం మొదట్లో వాటర్లూ యుద్ధం 19 అధ్యాయాలు వస్తుంది. ఒంటరిగా చదివేవాళ్ళు చాలామంది అక్కడే పుస్తకం మూస్తారు. గ్రూప్ పెద్దదైతే ఆ మూడు వారాల్లో ఒకరి తర్వాత ఒకరు జారుకుంటారు. ఇద్దరే ఉంటే ఒకరి మొహమాటం ఒకరిని పట్టి ఉంచుతుంది, "ఇంకా ఎన్నున్నాయి?" అని నవ్వుకుంటూ దాటేస్తారు. దాటాక ఆ యుద్ధం చివరి పేజీల్లో ఒక దొంగ చేయి చీకట్లో శవాల మధ్య కదులుతుంది చూడండి, అక్కడ ఆ 19 అధ్యాయాలకీ అర్థం దొరుకుతుంది.

జార్జ్ ఎలియట్ "మిడిల్‌మార్చ్"కి రోజువారీ లెక్క వద్దు. అది 1871 డిసెంబరు నుంచి 1872 డిసెంబరు దాకా ఎనిమిది విడి భాగాలుగా వచ్చింది. పుస్తకంలో ఇప్పటికీ ఆ ఎనిమిది భాగాలూ అలాగే ఉన్నాయి. ఎనిమిది భాగాలు, ఎనిమిది సార్లు కలుసుకోవడం. ఎక్కడ ఆగాలో రచయిత్రే గీత గీసి పెట్టింది, మనం కొత్తగా గీయక్కర్లేదు. పెళ్ళయినవాళ్ళు, పెళ్ళి గురించి ఆలోచిస్తున్నవాళ్ళు ఒకే గ్రూప్‌లో ఉంటే ఈ నవల మీద మాటలు తెగవు. నేను కలిసి చదివినవాటిలో అన్నిటికంటే మంచి చర్చలు దీని మీదే జరిగాయి.

డ్యూమా "కౌంట్ ఆఫ్ మాంటీ క్రిస్టో" సంగతి వేరు. ఇదీ 1844 నుంచి 1846 దాకా పత్రికలో సీరియల్‌గా వచ్చిందే, 117 అధ్యాయాలు. కాబట్టి రోజుకొకటి అనిపించడం సహజం. నేనూ అలాగే మొదలుపెట్టించాను. జైలు ఘట్టం వచ్చేసరికి లెక్క పాటించినవాళ్ళు ఒక్కరూ లేరు. ఒకరు నలభై అధ్యాయాలు ముందుకెళ్ళిపోయారు, ఏం మాట్లాడితే ఏం బయటపడుతుందోనని గ్రూప్ అంతా మౌనం. ఇలా పరిగెత్తించే నవలకి కట్టడి పెట్టకండి. లావుపాటి పుస్తకం అరువివ్వద్దన్న నా మాటకి ఇదొక్కటే మినహాయింపు. నమ్మకమున్న ఒక మనిషికి ఇచ్చేయండి, రెండు వారాల్లో వాళ్ళే ఫోన్ చేస్తారు. అయితే కొనేటప్పుడు విషయసూచిక తిప్పి చూడండి. ఈ నవల కుదించిన ప్రతులు చాలా ఉన్నాయి, అట్ట మీద ఆ మాట చిన్న అక్షరాల్లో ఉంటుంది, లేదా ఉండనే ఉండదు. 117 అధ్యాయాలు లేకపోతే అది పూర్తి పుస్తకం కాదని అనుమానించవచ్చు.

అయిదోది బ్రామ్ స్టోకర్ "డ్రాక్యులా". 1897 నాటి ఈ నవలంతా డైరీలు, ఉత్తరాలు, టెలిగ్రాములు. మే 3న మొదలై నవంబరు మొదటి వారంలో ముగుస్తుంది. ఏ తేదీ రాత ఆ తేదీనే చదివితే ఆరు నెలలు కథతో పాటే బతుకుతాం, టెన్షన్ ఆ ఆరు నెలలూ మనతోనే ఉంటుంది. ఒక చిక్కుంది. పుస్తకంలో తేదీలు వరసగా లేవు. కోటలో చిక్కుకున్న మనిషి డైరీ నాలుగో అధ్యాయంలో జూన్ 30తో ఆగుతుంది, అయిదో అధ్యాయం మే 9 నాటి ఉత్తరంతో మొదలవుతుంది. తేదీల ప్రకారం చదివితే ఈ రెండూ కలగాపులగమవుతాయి. కోటలో చిక్కుకున్నవాడు ఏమయ్యాడోనన్న భయంతో మనల్ని వదిలేసి రచయిత వేరే ఊరికి తీసుకెళ్ళడంలోనే పట్టు ఉంది. అందుకే మొదటిసారి చదివేవాళ్ళకి అధ్యాయాల వరస, ఒకసారి చదివినవాళ్ళకి తేదీల వరస. గ్రూప్‌లో ఒక్క కొత్త పాఠకుడున్నా అతని వైపే మొగ్గండి.

చేతుల్లో ఉన్నది ఒకే పుస్తకమేనా?

ఒకసారి మేం నలుగురం మేరీ షెల్లీ "ఫ్రాంకెన్‌స్టైన్" చదువుతున్నాం. ఎవరి ప్రతి వాళ్ళది. కథానాయకుడు విక్టర్‌కి అనుకున్న పిల్ల ఎలిజబెత్ గురించి మాట వచ్చింది. "మేనత్త కూతురే కదా, చిన్నప్పటినుంచీ అనుకున్నదే" అన్నాను నేను. "మేనత్త కూతురేంటి? ఆ పిల్లని ఇటలీలో ఎవరో పేదవాళ్ళ ఇంటినుంచి తెచ్చి పెంచుకున్నారు" అంది పక్కనున్నామె. ఇద్దరం చదివినదాని మీద ఒట్టేసేటంత నమ్మకంగా ఉన్నాం. చివరికి పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఇద్దరిదీ నిజమే. నాది 1818 నాటి మొదటి ముద్రణ పాఠం, ఆమెది 1831లో రచయిత్రి స్వయంగా దిద్దినది. మొదటిదాంట్లో ఎలిజబెత్ మేనత్త కూతురు, రెండోదాంట్లో పెంపుడు పిల్ల. మొదటిది మూడు సంపుటాలు కాబట్టి ప్రతి సంపుటంలోనూ అధ్యాయాల అంకెలు ఒకటి నుంచి మొదలవుతాయి. రెండోదాంట్లో 1 నుంచి 24 దాకా ఒకే వరస. అంతకుముందు రెండు వారాలుగా "అయిదో అధ్యాయం దాకా చదివి రండి" అని చెప్పుకుంటూ ఎవరి అయిదో అధ్యాయం వాళ్ళం చదివామన్నమాట.

రెండిట్లో ఏది అంటే, చర్చకి 1818 పాఠం. అందులో ఒక ప్రాణిని సృష్టించి విక్టర్ చేసినదానికి విక్టరే బాధ్యుడు. 1831లో విధి అనే మాట ఎక్కువగా వినబడుతుంది, అతని తప్పు కొంచెం పలచబడుతుంది. ఒంటరిగా చదివేవాళ్ళకి 1831 ఇవ్వండి, ఆ కథ తన మనసులోకి ఎలా వచ్చిందో షెల్లీ రాసిన ముందుమాట అందులో ఉంది.

అప్పటినుంచీ కలిసి చదివే ఏ పుస్తకానికైనా ముందు ఎవరి ప్రతిలో ఏముందో పోల్చుకుంటాం. పేజీ నంబర్లు ఎలాగూ కలవవు, అధ్యాయం పేరో, మొదటి వాక్యమో చెప్పుకుంటాం. అనువాదాలైతే తేడా ఇంకా పెద్దది. "వార్ అండ్ పీస్"లో పాత్రలు మాటిమాటికీ ఫ్రెంచిలోకి దిగుతాయి. 1904 నాటి కాన్‌స్టెన్స్ గార్నెట్ అనువాదం ఆ ఫ్రెంచిని ఇంగ్లీషు చేసేసింది. 2007లో వచ్చిన పెవియర్, వొలఖోన్‌స్కీల అనువాదం ఫ్రెంచిని అలాగే ఉంచి కింద అర్థం ఇచ్చింది. మాటిమాటికీ పేజీ కిందికి చూస్తూ చదవడం ఇష్టంలేనివాళ్ళకి గార్నెట్ హాయి. ఎవరు ఎప్పుడు ఎందుకు భాష మారుస్తున్నారో గమనించాలనుకునే వాళ్ళకి రెండోది. గ్రూప్‌లో రెండు అనువాదాలూ ఉండటం మంచిదనే అంటాను, ఒకే వాక్యాన్ని ఇద్దరూ చదివి వినిపించినప్పుడు కొత్త విషయాలు బయటపడతాయి. ఒకరు తెలుగు అనువాదం చదువుతుంటే మరీ మంచిది, కాకపోతే అది పూర్తి అనువాదమో, సంగ్రహమో ముందే చూసుకోండి.

కవిత్వంలో ఈ జాగ్రత్త ఇంకా అవసరం. ఎమిలీ డికిన్సన్ దాదాపు 1,800 కవితలు రాసింది. బతికుండగా అచ్చయినవి చాలా కొద్ది. 1890లో వచ్చిన మొదటి పుస్తకంలో సంపాదకులు ఆమె విరామచిహ్నాలని, కొన్నిచోట్ల మాటలని కూడా మార్చేశారు. ఆమె గీసిన అడ్డగీతలతో సహా కవితలన్నీ 1955లో జాన్సన్ సంపాదకత్వంలో గానీ రాలేదు. ఉచితంగా దొరికే పాత ప్రతుల్లో ఉండేది చాలావరకు ఆ మార్చిన పాఠమే. ఎవరికైనా ఆమె కవిత పంపాలనుకుంటే 1955 తర్వాతి పాఠం చూసి పంపండి.

పైకి చదవాల్సినవి

ఒక్కరే ఇంట్లో చదువుకుంటారంటే హోమర్ "ఒడిస్సీ"కి రియూ చేసిన వచన అనువాదం ఇస్తాను. 1946లో పెంగ్విన్ క్లాసిక్స్ అనే పుస్తకాల వరస మొదలైంది ఆ పుస్తకంతోనే. నవలలా సాగిపోతుంది. నలుగురు కూర్చుని వినేటట్టయితే మాత్రం ఎమిలీ విల్సన్ 2017లో తెచ్చిన పద్య అనువాదం. మూలంలో ఎన్ని పాదాలున్నాయో అన్ని పాదాల్లోనే చెప్పిందావిడ, మాటలు తేలిక, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో పాదమే చెబుతుంది. మొత్తం 24 సర్గలు. ఒక్కో సర్గ అరగంట, ముప్పావుగంట. ఇది మొదట చదివిన కావ్యం కాదు, విన్నది. ఒంటికన్ను రాక్షసుడి గుహ ఘట్టం మౌనంగా రెండుసార్లు చదివాను, ఏమీ అనిపించలేదు. ఒక సాయంత్రం స్నేహితుడు చదువుతుంటే విన్నప్పుడు, గొర్రెపోతు పొట్ట కింద వేలాడుతున్న మనిషి మీదుగా ఆ గుడ్డి చేయి తడుముకుంటూ వెళ్తుంటే, గదిలో ఎవరూ కదల్లేదు.

నాటకాలకి నాదొకటే మాట: అరువివ్వద్దు, పిలిచి కూర్చోబెట్టండి. ఇబ్సెన్ "ఎ డాల్స్ హౌస్"లో ముఖ్యమైన పాత్రలు అయిదు, అంకాలు మూడు, ఒక సాయంత్రంలో అయిపోతుంది. కథానాయిక నోరా పాత్ర ఎవరు చదవాలన్నది ముందే అనుకోండి, ఆ పాత్ర మాట్లాడేదే ఎక్కువ. కథ తెలియని మనిషికి ఆ పాత్ర ఇస్తే మూడో అంకంలో గొంతు మారిపోవడం వినబడుతుంది.

అరువా, చేతులు మార్చే ప్రతా?

చిన్నవి అరువివ్వండి. చెహోవ్ కథల సంపుటం దీనికి భలే కుదురుతుంది. ఒక్క కథ చదివి తిరిగిచ్చినా నష్టంలేదు, మాట్లాడుకోవడానికి ఆ ఒక్కటి చాలు. ఒకరికి ఒకసారికి ఒక్క పుస్తకమే ఇవ్వండి. మూడిస్తే మూడూ చదవరు. ఇచ్చేముందు బైండింగ్ చూడండి. పుస్తకాన్ని పైనుంచి చూస్తే, కాగితాలు చిన్న చిన్న కట్టలుగా మడిచి దారంతో కుట్టి ఉంటే అది పదిమంది చేతులు మారినా తట్టుకుంటుంది. కాగితాలన్నీ విడివిడిగా కోసి జిగురుతో అంటించినదైతే, లావుగా ఉన్నకొద్దీ మధ్యలో విరిచేసరికి వెన్ను పగిలి పేజీలు ఊడతాయి. పాతబడి పచ్చగా మారి పెళుసెక్కిన కాగితాన్ని మాత్రం ఎవరికీ ఇవ్వకండి. ఆ కాగితంలోని ఆమ్లమే దాన్ని లోపల్నుంచి తినేస్తుంటుంది, మడత పడితే తుంచినట్టు విరుగుతుంది. కాపీరైట్ గడువు తీరిన పుస్తకమైతే ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ అనే ఈ-పుస్తకాల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే అవకాశం ఎక్కువ, ఆ లింకు పంపితే సరి. కొత్త అనువాదాలకి మాత్రం ఆ వీలుండదు, వాటి హక్కులు అనువాదకులవి.

చేతులు మార్చే ప్రతి అంటే వేరే. పుస్తకం ఇవ్వడంతో పాటు రాసుకునే అనుమతి కూడా ఇస్తాం. వంద పేజీలకి అటూ ఇటూ ఉండాలి, లేకపోతే చుట్టు తిరిగి వచ్చేసరికి ఏడాది దాటుతుంది. పెన్సిలే వాడాలి, తలా ఒక రంగు. నేను దీనికి టాల్‌స్టాయ్ "డెత్ ఆఫ్ ఇవాన్ ఇల్యిచ్" ఎంచుకున్నాను. నలుగురి దగ్గరికి వెళ్ళి ఏడు వారాలకి నా చేతికొచ్చింది. మొదటి పేజీల నిండా రాతలు, ప్రశ్నలు, ఒకరి మాటకి ఇంకొకరి జవాబులు. పోనుపోను తగ్గిపోయాయి. జబ్బుతో ఉన్న యజమాని కాళ్ళని పనివాడు గెరాసిమ్ తన భుజాల మీద పెట్టుకుని రాత్రంతా కూర్చునే చోట ఒక్క మాటా లేదు. అంచులో నాలుగు రంగుల నిలువు గీతలు పక్కపక్కన ఉన్నాయి, అంతే. ఆ నలుగురిలో ఒకరు అంతకుముందు ఏడాదే తండ్రికి సేవచేసి పోగొట్టుకున్నారు. ఆయన గీత మిగతావాటికంటే పొడుగ్గా, పేజీ చివరిదాకా ఉంది. ఆ ప్రతిని ఇంకెవరికీ ఇవ్వలేదు. ఇప్పుడు కొన్న కట్టలో అదే పుస్తకం మరో ప్రతి ఉంది, మళ్ళీ తిప్పడానికి కొన్నది.

కట్టలో మిగతావాటి సంగతీ తేలిపోయింది. "మిడిల్‌మార్చ్"కి ఆరుగురు ఒప్పుకున్నారు, మొదటి భాగానికి నెల గడువు పెట్టుకున్నాం. "మాంటీ క్రిస్టో" నిన్ననే ఒకరు తీసుకెళ్ళారు. "డ్రాక్యులా"కి ఇద్దరు పాతవాళ్ళు, ఒక కొత్త అమ్మాయి, కాబట్టి అధ్యాయాల వరసే. అయినా మే 3నే మొదలుపెడదామంటోంది ఆ అమ్మాయి, సరేనన్నాం.